రాయగడ నుంచి రాయదుర్గానికి: ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నా ఉద్యోగం జేకేపూర్‌లో, రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్లుంది. మా అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషనుకి దగ్గరట. పగటి డ్యూటీ, వారానికి అయిదు రోజులూ వెళ్లాలి. మొదటి ఏడాది వాళ్లమ్మ తోడుంటుంది. ఆవిడకి మోకాళ్ల నొప్పి, మెట్లెక్కలేదు. నెలన్నరకోసారి నేను వెళ్లొస్తుంటాను. అద్దె, మెయింటెనెన్సు కలిపి 22 వేలు దాటకూడదనుకున్నాం. ఉప్పల్లో ఉన్న మా తోడల్లుడు తన వీధిలోనే 14 వేలకి రెండు బెడ్‌రూముల ఇల్లు ఇప్పిస్తానంటున్నాడు. ఒక బ్రోకరు కొండాపూర్‌లో అద్దె 25 వేలు, మెయింటెనెన్సు 3 వేలు అని ఫొటోలు పంపాడు. 10 వేలు టోకెన్ పంపితే ఎవరికీ ఇవ్వకుండా ఆపుతాడట. యూసుఫ్‌గూడలో 19 వేలకి ఒకటి ఖాళీ అవుతోందని అమ్మాయి స్నేహితురాలు చెప్పింది. ఏది తీసుకోమంటారు? ఏమేం చూసుకోవాలి?
ఒక తండ్రి, రాయగడ

జవాబు: అయ్యా, ముందు ఆ పది వేలు పంపకండి. ఇల్లు కళ్లతో చూడకుండా, యజమానితో మాట్లాడకుండా ఒక్క రూపాయి కూడా కదలకూడదు. ఫొటోలు ఎవరి ఇంటివైనా కావచ్చు. ఈ మోసాలు రెండు మూడు రకాలుగా జరుగుతున్నాయి. ఇల్లు చూడాలంటే గేట్ పాస్‌కి డబ్బు కట్టమంటారు, చూశాక తిరిగిస్తామంటారు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకైతే, మిలిటరీలో పనిచేస్తున్నాను, బదిలీ అయింది, అడ్వాన్సు మేమే మీకు వేస్తాం, ఈ కోడ్ స్కాన్ చెయ్యండి అంటారు. డబ్బు మనకి రావడానికి పిన్ నొక్కాల్సిన పని ఎప్పుడూ ఉండదు. పిన్ నొక్కామంటే డబ్బు పోతున్నట్టే. పొరపాటున పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. మీ బ్రోకరు నిజాయితీపరుడే కావచ్చు. అయినా ఆ కొండాపూర్ ఇల్లు మీ లెక్కకి 6 వేలు ఎక్కువే కాబట్టి దాని గురించి తొందరపడేది ఏమీ లేదు.

ఇక అసలు సంగతి. మీరు ఇల్లు అమ్మాయి ఉద్యోగం కోసం వెతుకుతున్నారు. కానీ ఆ ఇంట్లో ఎక్కువసేపు ఉండేది అమ్మాయి కాదు, వాళ్లమ్మ. పొద్దున్న ఎనిమిదిన్నరకి వెళ్లిన పిల్ల రాత్రి ఏడింటికి గానీ రాదు. ఆ పదిన్నర గంటలూ మీ ఇంటావిడ ఒక్కరే. మోకాళ్ల నొప్పితో, ఎవరూ తెలియని వీధిలో. అందుకని దారి అమ్మాయి కోసం చూడండి, ఇల్లు ఆవిడ కోసం చూడండి. ఈ రెండూ ఒకేచోట కలిసేదే మీకు సరిపోయే పేట.

దారి సంగతి చూద్దాం. హైదరాబాద్ మెట్రోలో నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లేదాన్ని బ్లూ లైన్ అంటారు. ఉప్పల్, తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్, బేగంపేట, అమీర్‌పేట, యూసుఫ్‌గూడ, మాధాపూర్, హైటెక్ సిటీ అన్నీ ఆ ఒక్క లైను మీదే ఉన్నాయి. అమ్మాయి ఆఫీసు లైను చివర ఉంది గనక ఈ దారిలో ఎక్కడున్నా రైలు మారక్కర్లేదు. మియాపూర్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ రెడ్ లైను మీద ఉంటాయి. అటు ఉంటే అమీర్‌పేటలో దిగి, అంతస్తు మారి, ఆఫీసు వేళ ఆ తొక్కిసలాటలో రెండో రైలెక్కాలి. రోజుకి రెండుసార్లు ఆ పని పెట్టుకోవద్దు. ఇంకొకటి, హైటెక్ సిటీ అనే పేరుతో ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషను వేరే ఉంది, మెట్రో స్టేషను వేరే. రెండూ పక్కపక్కన ఉండవు. ‘హైటెక్ సిటీ స్టేషనుకి నడక దూరం’ అని ఎవరైనా అంటే ఏ స్టేషనో అడగండి.

మీ మూడిళ్లనీ ఈ దారి మీద పెట్టి చూద్దాం. ఉప్పల్ ఒక చివర, రాయదుర్గం ఇంకో చివర. రైల్లోనే దాదాపు గంట. పొద్దున్న అమ్మాయికి సీటు దొరుకుతుంది, ఎందుకంటే ఉప్పల్ లైనులో రెండో స్టేషను. సాయంత్రం కూడా మొదటి స్టేషనులోనే ఎక్కుతుంది గనక దొరకొచ్చు. 2025 మేలో సవరించాక మెట్రో గరిష్ఠ టికెట్ 69 రూపాయలు. రానూపోనూ 138, నెలకి 22 రోజులకి 3,036. అంటే ఆ 14 వేల ఇల్లు అసలు 17 వేలు. యూసుఫ్‌గూడ నుంచి రాయదుర్గం ఏడో స్టేషను, పావుగంట మీద కొంచెం. టికెట్ అందులో సగం వేసుకోండి, నెలకి 1,500 పైచిలుకు. అంటే 19 వేల ఇల్లు ఇరవైన్నర వేలు. రెండింటికీ తేడా మూడున్నర వేలు. ఆ మూడున్నర వేలకి అమ్మాయికి రోజూ గంటకి పైగా మిగులుతుంది. నెలకి పాతిక గంటల దాకా. కొత్త ఉద్యోగంలో మొదటి ఏడాది ఆ పాతిక గంటల విలువ మీకు నేను చెప్పక్కర్లేదు.

కాకపోతే యూసుఫ్‌గూడలో పొద్దున్న సీటు ఆశ పెట్టుకోకూడదు. రెడ్ లైను నుంచి దిగిన జనమంతా అమీర్‌పేటలో ఈ రైలే ఎక్కుతారు. నిలబడే వెళ్లాలి, అయితే నిలబడేది పావుగంటే.

కొండాపూర్‌కి మెట్రో లేదు. దూరం తక్కువే గానీ సాయంత్రం ఆ రోడ్ల మీద నాలుగైదు కిలోమీటర్లకి ముప్పావుగంట పట్టిన రోజులుంటాయి. ఆటోకి రోజుకి రెండొందలే వేసుకున్నా నెలకి 4,400. అద్దె, మెయింటెనెన్సు 28 వేలు ఎలాగూ ఉన్నాయి. దాన్ని పక్కన పెట్టేయండి.

మీ తోడల్లుడి మాట మాత్రం కొట్టిపారెయ్యద్దు. పక్కింట్లో అక్కో చెల్లెలో ఉండటం అంటే మీ ఇంటావిడకి ఆ పదిన్నర గంటల్లో సగం తీరిపోయినట్టే. జ్వరమొచ్చినా, గీజరు పేలినా పిలిస్తే పలికే మనిషి. ఆ విలువకి అద్దె లెక్కలో గడి లేదు. అందుకే మధ్యలో ఇంకో దారి చెప్తాను: తార్నాక, మెట్టుగూడ. అదే బ్లూ లైను. ఉప్పల్ నుంచి తార్నాక నాలుగో స్టేషను, మధ్యాహ్నం వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఉస్మానియా యూనివర్సిటీ, రైల్వే కాలనీలు దగ్గర కాబట్టి పాత కాపురాలు, చెట్లున్న వీధులు ఇంకా మిగిలాయి. సికింద్రాబాద్ స్టేషను దగ్గర. అమ్మాయికి ఉప్పల్ కంటే పది నిమిషాలు తగ్గుతుంది, యూసుఫ్‌గూడ కంటే అరగంట దాకా పెరుగుతుంది.

నా వరసైతే ఇది: ఆవిడ ఒంటరిగా మసలుకోగల మనిషైతే యూసుఫ్‌గూడ, లేదా దాని పక్క స్టేషను మధురానగర్. చుట్టాలు లేనిదే తోచదంటే తార్నాక, మెట్టుగూడ. ఈ సంగతి మీరూ అమ్మాయీ కాకుండా ఆవిడనే అడిగి తేల్చుకోండి.

తేల్చుకోవడానికి సులువైన పని ఒకటుంది. ముగ్గురూ వెళ్లి పది రోజులు తోడల్లుడి ఇంట్లోనే దిగండి. అమ్మాయి ఉప్పల్ నుంచి నాలుగు రోజులు ఆఫీసు వేళకి రాయదుర్గం వెళ్లి రానీయండి, ఆదివారం కాదు, సోమవారం నుంచి. ఆ నాలుగు సాయంత్రాలు ఇంటికొచ్చిన పిల్ల మొహం చూస్తే ఉప్పల్ సంగతి తేలిపోతుంది. ఈలోపు మీరిద్దరూ యూసుఫ్‌గూడ, తార్నాక వీధుల్లో తిరిగి టు-లెట్ బోర్డులు చూడండి. ఫోన్లో కనిపించే ఇళ్లకంటే గేటుకి వేలాడే బోర్డులు నమ్మకం, పైగా బ్రోకరు ఖర్చుండదు. బ్రోకరైతే సగం నెల నుంచి నెల అద్దె దాకా తీసుకుంటారు. నెలలో 20వ తారీఖు తర్వాత బోర్డులు ఎక్కువ కనిపిస్తాయి, ఖాళీ చేసేవాళ్లు అప్పటికి చెప్పేస్తారు కాబట్టి. మీకు పట్టింపు లేకపోతే ఆషాఢంలోనో, పుష్యంలోనో వెళ్లండి. శూన్యమాసాల్లో ఇల్లు మారేవాళ్లు తక్కువ, యజమాని అద్దె దగ్గర కొంచెం మెత్తబడతాడు. పాలు పొంగించడం తర్వాతి నెలలో మంచిరోజు చూసుకుని చేసుకోవచ్చు.

యూసుఫ్‌గూడ వెళ్తే ఒకటి జాగ్రత్త. జూబ్లీహిల్స్ గుట్టల మీద పడ్డ వానంతా పల్లానికి కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వీధుల్లోకే దిగుతుంది. గట్టి వానకి కొన్ని వీధులు వాగులవుతాయి, బళ్లు కొట్టుకుపోయిన రోజులున్నాయి. బోర్డు మీద రోడ్డు పేరు చూసి తేల్చుకోలేం, నాలుగు ఇళ్ల తేడాలో మెరకా పల్లమూ మారిపోతాయి. అపార్ట్‌మెంట్ కింద పార్కింగులో గోడలు చూడండి, మోకాలెత్తున మట్టి గీత ఉంటే నీళ్లు అంతవరకూ వచ్చినట్టు. కొత్తగా సున్నం కొట్టి ఉంటే లిఫ్టు గుంట దగ్గర, మీటర్ల పెట్టె కింద చూడండి, అక్కడ ఎవరూ సున్నం కొట్టరు. ఎదురు కిరాణా కొట్టతన్ని ‘వానొస్తే బళ్లు ఎక్కడ పెడతారు?’ అని అడగండి. నీళ్లొస్తాయా అని అడిగితే రావనే అంటారు. బళ్ల గురించి అడిగితే నిజం చెప్తారు.

ఆ వీధుల్లోనే ఎత్తుపల్లాలు కూడా ఎక్కువ. మ్యాపులో 600 మీటర్లే ఉన్నా అందులో సగం ఏటవాలైతే మీ ఇంటావిడకి అది రెండు కిలోమీటర్లతో సమానం. స్టేషను నుంచి ఇంటికి ఆవిడతో పాటు నడిచి చూడండి. మెట్రో స్టేషన్లకి లిఫ్టులున్నాయి, అయితే ఏ పక్క ఫుట్‌పాత్ మీద ఉందో చూసుకోవాలి, అవతలి పక్కనైతే రోడ్డు దాటాల్సి వస్తుంది. కూరలకి ఎర్రగడ్డ రైతుబజారు ఉంది గానీ అది వారానికోసారి వెళ్లే దూరం. రోజువారీకి వీధిలోనే బండివాడు రావాలి.

ఇక నీళ్లు. మీకు నాగావళి నది ఊళ్లోనే ఉంది, ఈ బాధ తెలియదు. హైదరాబాదులో ఇల్లు నచ్చడం, నచ్చకపోవడం ఏప్రిల్లో నీళ్లు తేలుస్తాయి. మూడు రకాల నీళ్లుంటాయి. మునిసిపాలిటీ నల్లా నీళ్లు, వాటినే చాలామంది మంజీరా నీళ్లంటారు. చాలా పేటల్లో రోజు విడిచి రోజు, అదీ కొద్ది గంటలే వస్తాయి. రెండోది బోరు. మూడోది ట్యాంకరు. యజమాని ‘ఇరవై నాలుగు గంటలూ నీళ్లే’ అంటాడు, అది అబద్ధం కాదు, ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయన్నదే ప్రశ్న. ఒక చిన్న లెక్క చూడండి. మనిషికి రోజుకి 135 లీటర్లు అని పట్టణ నీటి సరఫరాకి వేసుకునే కొలత. ఇంటికి నలుగురు, ఇరవై ఇళ్లు అనుకుంటే రోజుకి 10,800 లీటర్లు. చిన్న ట్యాంకరు 5 వేల లీటర్లు. అందుకని వాచ్‌మన్‌ని ‘పోయిన మేలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు?’ అని అడగండి. రెండు అన్నాడంటే ఆ బిల్డింగుకి బోరూ లేదు, నల్లా లేదు, అంతా కొనుక్కున్న నీళ్లే. నాలుగు రోజులకి ఒకటి అంటే ఫరవాలేదు. ఆ ట్యాంకర్ల డబ్బు మెయింటెనెన్సులో కలిసుంటుందా, వేసవిలో విడిగా వసూలు చేస్తారా అన్నది అప్పుడే అడిగి పెట్టుకోండి. 2 వేల మెయింటెనెన్సు మేలో 4 వేలయ్యేది ఇక్కడే.

ఇంట్లోకి వెళ్లాక బాత్‌రూములో 15 లీటర్ల బకెట్టు కుళాయి కింద పెట్టి, వంటింటి కుళాయి కూడా తిప్పి, ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. రెండు నిమిషాల్లో నిండితే మంచిది. నాలుగు దాటితే పొద్దున్న ఎనిమిదింటికి అమ్మాయి స్నానం, వంటింటి పని ఒకేసారి సాగవు. పై అంతస్తుల్లో ఇది ఎక్కువ, ట్యాంకుకీ కుళాయికీ మధ్య ఎత్తు తక్కువ కాబట్టి నీళ్లకి ఒరవడి ఉండదు. కుళాయి మూతి చుట్టూ, బకెట్టు అంచున తెల్లటి పొలుసు పేరుకుందా? బోరు నీళ్లు గట్టివని అర్థం. గీజరు కాయిలు పాడవుతుంది, పప్పు ఉడకదు, జుట్టు రాలుతోందని అమ్మాయి గోల పెడుతుంది. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటరు కొన్ని వందలకి దొరుకుతుంది, అది ముంచి చూడండి. తాగే నీళ్లకి భారతీయ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 2,000 వరకు. వెయ్యి దాటి చూపిస్తే వంటకీ తాగడానికీ ఫిల్టరు తప్పదు. ఫిల్టరు యజమాని పెడతాడా, మీరు పెట్టుకోవాలా అన్నది అద్దె బేరంలో మాట.

మోకాళ్ల కోసం చూడాల్సినవి ఫొటోల్లో కనపడవు. లిఫ్టు ఉంది అంటారు, ఆ లిఫ్టు దగ్గరికి పార్కింగు నుంచి నాలుగు మెట్లుంటాయి. కరెంటు పోతే లిఫ్టు జనరేటరు మీద నడుస్తుందా? ఉంది అంటే మెయిన్ ఆపించి చూపించమనండి, మొహమాటపడకండి. చాలాచోట్ల జనరేటరు ఉంటుంది, అందులో డీజిలుండదు. బాత్‌రూముల్లో కనీసం ఒకదాంట్లోనైనా కూర్చునే కమోడ్ ఉండాలి, దాని పక్క గోడకి పట్టుకునే కడ్డీ బిగించుకోవడానికి యజమాని ఒప్పుకోవాలి. టైల్స్‌కి రెండు రంధ్రాలు పడతాయి కాబట్టి ముందే అడిగి కాగితంలో రాయించుకోండి. బట్టలారేయడానికి బాల్కనీ ఉందా, మేడెక్కాలా? లిఫ్టు ఆఖరి అంతస్తుతోనే ఆగిపోయి, మేడ మీదికి మెట్లే దిక్కయ్యే బిల్డింగులు బోలెడు. ఆవిడ తడిబట్టల బకెట్టుతో ఆ మెట్లెక్కే రోజు రాకూడదు.

ఆఖరి అంతస్తు అద్దె వెయ్యో రెండు వేలో తక్కువ చెప్తారు. వద్దు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పన్నెండు దాకా వేడి దింపుతూనే ఉంటుంది. మధ్య అంతస్తు, పడమటి గోడకి బెడ్‌రూము లేనిది చూసుకోండి. పక్కన ఖాళీ స్థలం ఉంటే గాలీ వెలుతురూ అని మురిసిపోకండి. అక్కడ రేపు పునాది తీస్తారు. ఈ ఊరి కింద అంతా నల్లరాయి, దాన్ని పగలగొట్టే మిషను నెలల తరబడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగుతుంది, ఇంట్లో ఉండేది మళ్లీ ఆవిడే.

కొత్త రంగు వేసిన ఇల్లు మెరుస్తుంది. అలమర తలుపు తీసి వెనక గోడకి అరచెయ్యి ఆనించండి. చల్లగా, మెత్తగా తగిలితే చెమ్మ. బాత్‌రూముకి అవతలి పక్క గోడ కింది జానెడు భాగం చూడండి, రంగు పొంగి బుడగలుంటే నీళ్లు లోపలే ఊరుతున్నాయి. ‘వెయ్యి అడుగులు’ అన్నది నమ్మి సామాను తెచ్చుకోకండి, గోడలు, లిఫ్టు, మెట్లు అందులోనే కలిపి చెప్తారు, లోపల ఏడొందల పైచిలుకు మిగిలితే గొప్ప. మంచం పట్టే గోడని టేపుతో కొలవండి.

కరెంటు బిల్లు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇంటికి విడి మీటరు ఉండాలి, బిల్లు దాని మీదే రావాలి. కొన్ని సొంతిళ్లలో యజమాని సబ్‌మీటరు పెట్టి యూనిటుకి తనకి తోచిన రేటు తీసుకుంటాడు, అది ఒప్పుకోవద్దు. పాత బిల్లు అడిగి తీసుకోండి. దాని మీద యూఎస్‌సీ నంబరు, అంటే ఆ కనెక్షన్ నంబరు ఉంటుంది, దాంతో డిస్కం (కరెంటు సంస్థ) యాప్‌లో బాకీ ఉందో లేదో చూసుకోవచ్చు. 2022లో సవరించిన తెలంగాణ రేట్లలో నెలకి 200 యూనిట్లు ఒక గీత. సరిగ్గా 200 కాలిస్తే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80 చొప్పున 820 రూపాయలు. 201 అయితే మొదటి 200కీ యూనిటు 5.10 అయిపోతుంది, ఆ ఒక్క యూనిటుకి 7.70, మొత్తం 1,027 పైన. స్థిర చార్జీలు విడి. ఒక్క యూనిటుకి రెండొందలు! గీజరు అరగంటకి ఒక యూనిటు. ఏసీ రాత్రంతా వేస్తే దాంతోనే గీత దాటేస్తారు. ఆ వేసవి మూడు నెలలకి బడ్జెట్లో చోటుంచుకోండి. 200 యూనిట్ల లోపు ఉచితం అని గృహజ్యోతి గురించి ఎవరైనా చెప్తే, అది తెలంగాణ తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకి, మీకు రాదు. అలాగే ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సులో ఉచితం అన్నదీ తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తేనే. కండక్టరుతో మీ ఇంటావిడ ఎంత చక్కని తెలుగు మాట్లాడినా, ఆధార్ మీద ఒడియా అక్షరాలు, రాయగడ చిరునామా చూశాక జీరో టికెట్ కొట్టడు. మొదటి రోజే టికెట్ డబ్బు చేతిలో పెట్టుకుని ఎక్కమనండి, బస్సులో వాదన ఎందుకు.

గ్యాసుకి మీరు రాయగడలో వండుకోవాలి గనక అక్కడి కనెక్షన్ కదపకండి. ఇక్కడ అమ్మాయి పేరున రెంటల్ అగ్రిమెంటు పెట్టి కొత్తది తీసుకోవచ్చు. అది వచ్చేదాకా 5 కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, చిరునామా రుజువు అడగరు. రోడ్డు పక్క నింపి ఇచ్చే సిలిండర్ల జోలికి మాత్రం పోవద్దు.

మాటలు కుదిరాక కాగితం. యజమాని ఎవరో ముందు తేల్చుకోండి. ఇంటి పన్ను రసీదులో పేరు, కరెంటు బిల్లులో పేరు, మీరు డబ్బు వేసే ఖాతా పేరు మూడూ ఒకటేనా? తేడా ఉంటే, బిడ్డ పేరునో భార్య పేరునో ఉందని చెప్తే, ఆ మనిషి సంతకం కూడా ఉండాలి. ఈ ఊళ్లో అడ్వాన్సు మామూలుగా రెండు నెలలు, కొన్నిచోట్ల మూడు. 19 వేల ఇంటికి రెండు నెలల అడ్వాన్సు 38 వేలు, మొదటి నెల అద్దె 19 వేలు, బ్రోకరు ఉంటే 19 వేల దాకా, మొత్తం 76 వేలు చేతిలో ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే వెయ్యండి. అగ్రిమెంటు 11 నెలలకి రాస్తారు. ఏడాది దాటే లీజుని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పడ్డ అలవాటు ఇది. మీకు ఇల్లు కావాల్సింది కనీసం పన్నెండు నెలలు. పదకొండో నెల కాగానే ‘కొత్త అగ్రిమెంటు, కొత్త అద్దె’ అంటాడు. అందుకని పన్నెండో నెల కూడా అదే అద్దెకి సాగుతుందని ఇప్పుడే ఒక వాక్యం రాయించండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకి ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడ మామూలు. ఏడాదే ఉన్నా కోస్తారు. సగం చాలు అని బేరమాడండి, కుదిరిన అంకె రాయించండి. నోటీసు ఎన్ని నెలలు, మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సు పోతుందా, అద్దెలో మెయింటెనెన్సు కలిసిందా, ఇవి కూడా. దిగే రోజు ప్రతి గదీ, గోడల మీది మరకలూ, మీటరు రీడింగూ ఫోనులో వీడియో తీసి యజమానికే పంపించేయండి.

అగ్రిమెంటు అమ్మాయి పేరునే ఉండాలి, వాళ్లమ్మ పేరు కూడా ఉండేవాళ్లలో రాయించండి. జీతంలో ఇంటద్దె మినహాయింపు కోరుకుంటే, ఏడాది అద్దె లక్ష దాటింది కాబట్టి యజమాని పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి. కొందరు యజమానులు పాన్ అనగానే మొహం చిట్లిస్తారు, అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. అమ్మాయి కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపే లేదు, పాన్ కోసం గొడవ పడక్కర్లేదు.

మాంసాహారం సంగతి కూడా మొదటే చెప్పేయండి. ‘అప్పుడప్పుడూ తింటాం’ అన్నమాటకి తలూపిన యజమాని ఎండుచేపల వాసనకి కిందికి దిగొస్తాడు. ఆవిడ సంచిలో మీ వైపు ఎండుచేపలు లేకుండా ఎలాగూ ఉండవు. ‘మీరేమిట్లు?’ అని కులం కూడా అడుగుతారు కొందరు, నిస్సంకోచంగా. జవాబు చెప్పాలా వద్దా మీ ఇష్టం గానీ, ఆ ప్రశ్నతో మొదలుపెట్టినాయన ఇంటికొచ్చే చుట్టాలని కూడా లెక్కపెడతాడు. అలాంటి ఇల్లు అద్దె తక్కువైనా ఖరీదే.

అమ్మాయి స్కూటరు రాయగడ నుంచి పంపాలనుకుంటే ఆగండి. యూసుఫ్‌గూడలో గానీ తార్నాకలో గానీ ఇల్లు కుదిరితే దాని అవసరమే పడకపోవచ్చు. పంపినా, వేరే రాష్ట్రంలో బండి పన్నెండు నెలలకి మించి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి. ఓడీ 18 నంబరుతో ఏడాది తిప్పి వెనక్కి తెచ్చేస్తే ఆ బాధ లేదు. రైల్లో పార్సిల్ వేసేటప్పుడు పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్సీ నకలు ఉండాలి.

మీ రాకపోకలకి నాగావళి ఎక్స్‌ప్రెస్ రాయగడ నుంచి నేరుగా ఉంది, రోజూ కాదు, వారంలో కొన్ని రోజులే. నేరుగా రైలు లేని రోజుల్లో విజయనగరంలోనో విశాఖలోనో మారాలి. సికింద్రాబాద్ స్టేషను కొత్తగా కడుతున్నందువల్ల కొన్ని రైళ్లని 2025 జనవరిలో మొదలైన చర్లపల్లి టెర్మినల్‌కి మార్చారు. చర్లపల్లి ఊరికి తూర్పు కొస. అక్కడి నుంచి తార్నాక దగ్గర, యూసుఫ్‌గూడ ఊరు దాటి అవతల. టికెట్ తీసుకునేటప్పుడు దిగే స్టేషను పేరు చూసుకుని, తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో దిగితే ఆరింటికి మెట్రో మొదలయ్యేదాకా స్టేషన్లోనే కూర్చోండి. ఆ వేళ బయట ఆటోవాళ్లు చెప్పే రేటు రాయగడ టికెట్ కంటే ఎక్కువుంటుంది.